అంగుళం ఎక్కువైన బల్ల

ఆ రాష్ట్రంలో పెద్ద ఊళ్ళు రెండు. ఒకటి కొండ మీద, ఒకటి రేవు పక్కన. కొండ మీదివాళ్ళు రేవు వాళ్ళని కిందివాళ్ళంటారు. రేవు వాళ్ళు వీళ్ళని పైవాళ్ళంటారు. రెండు మాటల్లోనూ మర్యాద లేదు. పెద్ద కోర్టు పైన పెడితే పెద్ద ఆసుపత్రి కింద పెట్టి తీరాలి. ఒక ఊరికి కొత్త రైలు వేస్తే రెండో ఊరివాళ్ళు వెళ్ళి పట్టాల మీద కూర్చుంటారు. కిందివాళ్ళ మాటలు కోటలు దాటతాయి గాని కాళ్ళు గడప దాటవని పైవాళ్ళ నమ్మకం. పైవాళ్ళు నవ్వాలన్నా ముందు అర్జీ పెట్టుకుంటారని కిందివాళ్ళ వేళాకోళం. మధ్యలో ఉన్నది ఒక్క ఘాట్ రోడ్డు. బస్సు దిగేసరికి చెవులు దిబ్బడ వేస్తాయి. కాసేపటికి చెవులు సర్దుకుంటాయి గాని అవతలి ఊరి మాట మాత్రం వాటిలోకి ఎక్కదు.

మేస్త్రి పైఊరివాడు. ఆయన భార్య రేవు మనిషి.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో చెక్క నమూనాలు చేసే మేస్త్రి. పంపు గుల్ల కావాలన్నా, పళ్ళచక్రం కావాలన్నా ముందు అదే ఆకారాన్ని చెక్కతో చెయ్యాలి. ఆ చెక్కని ఇసుకలో అదిమి బయటికి తీస్తే దాని గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చల్లారాక ఇసుక రాల్చి చూస్తే, నిన్నటి చెక్క ఈరోజు ఇనుమై కూర్చుని ఉంటుంది. ఇనుము లోకంలోకి వెళ్ళిపోతుంది. చెక్క అటకెక్కుతుంది. నమూనా చేసినవాడి పేరు అడిగే నాథుడు ఉండడు. అడగకపోయినా ఆ పని చేసేవాళ్ళకి లోటేమీ ఉండదు. చెక్క ఇసుకలోంచి అంచు చెదరకుండా పైకి లేచినప్పుడు వాళ్ళకి కలిగే తృప్తి వేరు.

ఆ పనిలో ఒక చిక్కుంది. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అందుకని నమూనాని ముందే కాస్త పెద్దదిగా చెయ్యాలి. ప్రతి కొలతకీ లెక్క కట్టుకుంటూ కూర్చోకుండా ఒక ప్రత్యేకమైన స్కేలు ఉంటుంది. దాన్ని పోత స్కేలంటారు. చూడటానికి మామూలు ఉక్కు స్కేలే. కాని అడుగు అని రాసి ఉన్నచోట అడుగు మీద ఒక నూలు ఎక్కువ ఉంటుంది. నూలంటే పావంగుళంలో సగం. విడిగా చూస్తే కంటికి ఆనని తేడా. ఆ స్కేలుతో చేసిన చెక్క పెద్దదవుతుంది, దాని గుంటలో పోసిన ఇనుము ముడుచుకుని సరైన కొలతకి వస్తుంది.

మేస్త్రికి పని నేర్పిన పెదమేస్త్రి, ఆ స్కేలు చేతిలో పెట్టిన రోజున ఒక మాటన్నాడు.

"ఒరేయ్, ఇది ఇనుముకి నిజం చెబుతుంది. మిగతా లోకానికి అబద్ధం చెబుతుంది. దీన్ని ఈ గుమ్మం దాటనివ్వకు."

మేస్త్రి ఆ మాటని సగమే పాటించాడు. స్కేలు గుమ్మం దాటేది. చొక్కా జేబులో నిలువుగా నిలబడి ఇంటికొచ్చేది, పొద్దున్నే మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళేది. చొక్కాలు మారేవి గాని జేబులో స్కేలు మారేది కాదు. ఉతికే ముందు భార్య దాన్ని తీసి కిటికీలో పెట్టేది. అంతకుమించి ఆ స్కేలుతో ఆమెకి పరిచయం లేదు.

పెళ్ళి కుదిరింది కూడా పని మీద వెళ్ళినప్పుడే. రేవులో ఒక పాత పడవ ఇంజనుకి పగిలిన చక్రం కొలతలు తీసుకోవడానికి పెదమేస్త్రి, కుర్ర మేస్త్రి కిందికి దిగారు. కొలతలయ్యేదాకా పడవలకి తాళ్ళమ్మే కొట్టాయన ఇంట్లో బస. ఆ కొట్టాయన కూతురు కొట్టు వెనక గదిలో మిషను కుడుతూ ఉండేది. నాలుగు నెలల్లో మాట పెళ్ళిదాకా వచ్చింది. అక్కడ కొట్టాయన అడ్డం తిరిగాడు.

"మీ పైఊరికి పంపిన పిల్ల మళ్ళీ కిందికి దిగదు. మా వీధిలో ఇద్దరిని చూశాను. పండక్కి వస్తారు, ముక్కు మూసుకుని చేపల వాసనంటారు, పోతారు. నా పిల్ల కూడా అట్లా అయితే నేను చూడలేను."

పెదమేస్త్రి అందుకున్నాడు. మాట తూచి ఇచ్చే మనిషి.

"పని ఉన్నంతకాలం పైన. పని అయిపోయిన రోజున కింద. మాట నాది. నిలబెట్టాల్సింది వీడు."

అలా పెళ్ళయింది. మేస్త్రి భార్య పైఊళ్ళో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టింది. పొగ గొట్టాల ఊరు, నీళ్ళ కోసం తెల్లవారకముందే లేచే ఊరు. ఆమె ఏనాడూ ఇల్లు బాగాలేదనలేదు. ఒక్కటే పట్టింపు. ఆ ఇంట్లో గోడకి మేకు కొట్టనిచ్చేది కాదు.

కొత్తలో మేస్త్రి మంచి చెక్కతో ఒక చిన్న అల్మారా చేసుకొచ్చాడు. అంచులు నున్నగా గుండ్రం తీసి, వార్నిష్ వేసి తెచ్చాడు. ఆమె దాన్ని చేత్తో నిమిరింది, బాగుందంది.

"ఎక్కడ తగిలించమంటావు?"

"ఇక్కడ వద్దండి. అక్కడికి వెళ్ళాక తగిలిద్దాం."

"అప్పటిదాకా?"

"దిగిపోయే బస్సులో సీటుకి గలీబులు కుట్టుకుంటామా?"

ఆ అల్మారాని పక్కింటివాళ్ళకి ఇచ్చేశారు. బట్టలు కిటికీ ఊచలకి కట్టిన తాడు మీద, అద్దం కిటికీలో, గడియారం బియ్యం డబ్బా మీద. చెక్కపని చేసేవాడి ఇంట్లో అడుగు చెక్క గోడకి లేదని వీధంతా నవ్వేవాళ్ళు. కూతురు పుట్టి, పెరిగి, చదువుకుని, రెండూ కాని మూడో ఊళ్ళో ఉద్యోగంలో చేరింది. అప్పటికీ గోడలు నున్నగానే ఉన్నాయి.

ఎందుకంటే పని అయిపోలేదు. ఫ్యాక్టరీలో పని అయిపోవడమంటూ ఉండదు. ఈ చక్రం అయ్యాక అనేవాడు మేస్త్రి. చక్రం అయ్యేలోపు పంపు వచ్చేది. ఈ పంపు అయ్యాక అనేవాడు. మామగారు రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగడానికి ఆయన లేడు. అత్తగారు అసలు అడగలేదు, ఎప్పుడొస్తారని కళ్ళతోనే చూసేది. ఆవిడ పోయినప్పుడు మేస్త్రి భార్య ఒక్కతే బస్సు దిగి వెళ్ళి, కార్యం ముగిశాక మళ్ళీ బస్సెక్కి వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రం అన్నం వడ్డిస్తూ, "పని ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది. గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే మేస్త్రి అన్నం తినగలిగేవాడే. ఆ పూట ముద్ద దిగలేదు.

పెదమేస్త్రి కూడా పోయాడు. పోతూ తన పనిబల్లని మేస్త్రికి వదిలాడు. ఒకే దిమ్మలోంచి తీసిన టేకు పలక, నాలుగు వేళ్ళ మందం, మనిషి పడుకుంటే తల దగ్గరా కాళ్ళ దగ్గరా ఇంకా చోటు మిగిలేంత పొడవు. ఒక కొసకి చెక్క బిగించే ఇనుప పట్టుకారు. రెండో కొసన, అంచు వెంట పెదమేస్త్రి ఉలి పదును చూసుకున్న గాట్లు. ఆయన పదును గోరు మీద చూసేవాడు కాదు, బల్ల అంచున ఒక్క గాటు పెట్టి చూసేవాడు. ఒక జీవితకాలం గాట్లు. మేస్త్రి ఆ కొసన ఏనాడూ తన ఉలి పెట్టలేదు.

తర్వాత ఫ్యాక్టరీలోకి యంత్రం వచ్చింది. కంప్యూటర్లో బొమ్మ గీస్తే అదే థర్మకోల్ లాంటి నురగ దిమ్మని కోసి నమూనా తీస్తుంది. మేస్త్రి దాని పక్కన రెండు రోజులు నిలబడి చూశాడు. బాగా కోస్తోంది. బాగా లేదనడానికి ఆయనకి నోరు రాలేదు. యజమాని కొడుకు మర్యాదస్తుడు, పిలిచి కూర్చోబెట్టాడు.

"మేస్త్రిగారూ, అటక మీద పాత నమూనాలు బోలెడున్నాయి. అతుకులు ఊడినవీ, పురుగు పట్టినవీ చూసుకుంటూ ఉండండి. మీ బల్ల మీ చోటే ఉంటుంది. మీరు ఉన్నంతకాలం."

మేస్త్రి ఇంటికి నడిచొచ్చాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇప్పుడు పని ఉన్నట్టా, అయిపోయినట్టా? ఉందంటే ఉంది. ఇంకో పదేళ్ళు ఉందని చెప్పినా అబద్ధం కాదు. ఇంట్లోకి వచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగాడు.

"పని అయిపోయింది," అన్నాడు.

ఆమె మిషను మీంచి కాలు తీసింది.

"నిజంగానా?"

"నిజంగానే."

ఆమె లేచి కిటికీ ఊచలకి కట్టిన తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. ఇంకా ఇల్లు కూడా చూడలేదు, అప్పుడే తాడు విప్పుతోంది. మేస్త్రి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఫ్యాక్టరీలో ఇసుక అచ్చులు చేసే మౌల్డర్ ఆయనకి పాత స్నేహితుడు. సంగతి విని మండిపడ్డాడు.

"కూర్చోబెట్టి పని చూపిస్తామంటే కాదని కిందికి పోతావా? అక్కడ ఉప్పు గాలి. నెల తిరిగేలోపు నీ ఉలులన్నీ తుప్పు."

"నూనె రాస్తాను."

"నీకెవరు రాస్తారు? నోరు విప్పితే గాని అక్కడ బతకలేవు. నువ్వేమో మాటకి మాట చేర్చాలంటే జిగురు వెతుక్కుంటావు."

మేస్త్రి నవ్వాడు. బల్ల తనతో తీసుకెళతానన్నాడు. యజమాని కొడుకు అభ్యంతరం చెప్పలేదు. ఫ్యాక్టరీ లారీ ఎలాగూ రేవు నుంచి ముడి ఇనుము తేవడానికి దిగుతుంది, అందులో వేసుకోమన్నాడు. "ఎప్పుడు మనసు మారినా ఆ చోటు అలాగే ఉంచుతాను," అని కూడా అన్నాడు.

రేవులో ఇల్లు చూసిపెట్టింది బావమరిది. క్రేను నడుపుతాడు. పెద్ద పెద్ద పెట్టెల్ని గాల్లో లేపి దించడం అలవాటై, మాటలు కూడా అలాగే లేపి దించుతాడు. మేడ మీద రెండు గదులు, వెనకవైపు ఒక సన్నని వరండా. మేస్త్రి ఒకరోజు దిగి చూసి వచ్చాడు. వరండాలో ఉత్తరం వెలుతురు బాగుంది. చెక్కపనికి ఆ వెలుతురే కావాలి, నీడలు కదలవు. బల్ల వేస్తే అక్కడే వెయ్యాలి, ఈ గోడ నుంచి ఆ గోడకి. బావమరిది తన ఉక్కు టేపు సాగదీసి పట్టుకుంటే, మేస్త్రి వంగి కొలత చూసుకుని, మనసులో రాసుకున్నాడు. పైకి వచ్చి ఫ్యాక్టరీలో బల్ల కొలిచాడు. సరిపోతుంది. పావంగుళం ఖాళీ కూడా మిగులుతుంది. బల్ల తన కోసమే చేసిన గూట్లోకి వెళుతున్నట్టు అనిపించింది ఆయనకి.

లారీ దిగిన రోజు ఎండగా ఉంది. బావమరిది క్రేను దగ్గర పనిచేసే ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు. బల్ల కాళ్ళు ఊడదీసి, పలకని నలుగురూ భుజాన వేసుకుని మెట్లెక్కించారు. కింది వాటాలో ఉండే ఇంటావిడ మెట్ల మలుపులో నిలబడి, "గోడకి తగలనివ్వకండి, సున్నం కొత్తది," అని హెచ్చరికలు జారీ చేస్తూనే ఉంది. మేస్త్రి ముందు కొస పట్టుకున్నాడు. ఆయన భార్య వరండా ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, తలుపు దగ్గర నిలబడింది.

ముందు పట్టుకారున్న కొసని గోడకి ఆనించారు. రెండో కొసని మెల్లగా దించబోయారు. అది గోడకి తగిలి ఆగింది. ఎత్తి మళ్ళీ దించారు. మళ్ళీ ఆగింది. సున్నం పెచ్చు ఒకటి ఊడి నేల మీద పడింది.

"అయ్యో, నా గోడ," అంది ఇంటావిడ కింద నుంచి. చూడకుండానే ఆవిడకి తెలిసింది.

మేస్త్రి వంగి చూశాడు. బల్ల ఆ రెండు గోడల మధ్య దూరం కంటే అంగుళం దాకా పొడవుంది.

బావమరిది చెమట తుడుచుకున్నాడు. "ఏం బావా, కొండ దిగేసరికి నీ బల్ల ఒళ్ళు చేసినట్టుందే. మా రేవు గాలి అంత తొందరగా పడుతుందనుకోలేదు."

ముగ్గురూ నవ్వారు. వాళ్ళలో ఒకడు, "పైవాళ్ళ అంగుళాలు పెద్దవి కాబోలు, అన్నీ పెద్దవే కదా వాళ్ళకి," అన్నాడు.

"ఊరుకోరా. బావా, అటూ ఇటూ సున్నం కాస్త చెక్కేద్దాం. దాంతో సరిపోతుంది."

ఇంటావిడ పైకి వచ్చేసింది. "ఉలి పెట్టారంటే ఒప్పుకోను బాబూ. అటు గోడ మాదీ పక్కింటివాళ్ళదీ ఉమ్మడి. సున్నం కింద ఒంటి ఇటుక. మేస్త్రిగారూ, మీరు పనితెలిసినవారని ఇల్లిచ్చాను. కొలవకుండా తెచ్చారా?"

మేస్త్రి చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్ళింది, స్కేలుకి తగిలింది, అక్కడే ఆగిపోయింది. ఎక్కడ తప్పు జరిగిందో ఆ క్షణాన అర్థమైంది. గోడని మామూలు టేపుతో కొలిచాడు. బల్లని పోత స్కేలుతో కొలిచాడు. అడుగుకి ఒక నూలు చొప్పున బల్ల పొడుగునా అబద్ధం పేరుకుంది. పనిలో చేరిన కొత్తలో కూడా ఇలాంటి పొరపాటు చేసి ఎరగడు.

బల్లని అలాగే ఏటవాలుగా గోడకి చేరవేసి, టీ తాగొస్తామని మగవాళ్ళు కిందికి దిగారు. ఇంటావిడ పెచ్చు ఏరుకుని వెళ్ళింది. వరండాలో భార్యాభర్తలిద్దరే మిగిలారు.

ఆమె ఊడ్చిన నేలనే చూస్తూ అంది. "ఇన్నేళ్ళలో మీ కొలత ఒక్కసారైనా తప్పిందా?"

"లేదు."

"మౌల్డర్ అన్నయ్య ఎప్పుడూ అనేవాడు. మేస్త్రి కొలిచాడంటే ఇనుము కూడా ఎదురుచెప్పదని."

మేస్త్రి ఏటవాలుగా ఉన్న బల్ల జారకుండా చెయ్యి పెట్టాడు.

"మరి ఇవాళే ఎందుకు తప్పింది? సరిగ్గా ఇక్కడికే వచ్చి ఎందుకు తప్పింది?" ఆమె గొంతు పెంచలేదు. "నన్ను తీసుకురాకుండా ఉండలేకపోయారు, మాటిచ్చారు గనక. మీరు ఇక్కడ ఉండిపోవడానికి మనసొప్పలేదు. అందుకని బల్ల పట్టలేదు. నలుగురిలో చెప్పుకోవడానికి అంతకంటే మంచి సాకేముంది?"

"అట్లా కాదు."

"లారీ ఇంకా రేవులోనే ఉంది. ముడి ఇనుము ఎక్కించుకుని సాయంత్రం పైకి వెళుతుంది. బల్ల ఎక్కించుకుని మీరు కూడా వెళ్ళండి. చోటు ఉంచుతానన్నాడు కదా ఆ అబ్బాయి. నేనేమీ అనుకోను. కాని నేను రాను. తాడు విప్పేశాను, మళ్ళీ కట్టలేను."

మేస్త్రికి మాటలు చేతకావు. మౌల్డర్ చెప్పినట్టు, ఆయనకి జిగురు కావాలి. జేబులోంచి స్కేలు తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఇది మామూలు స్కేలు కాదు. ఇందులో అడుగు పెద్దది. ఇనుము ముడుచుకుంటుందని అట్లా చేస్తారు. బల్లని దీంతో కొలిచాను. గోడని మీ తమ్ముడి టేపుతో కొలిచాను."

ఆమె స్కేలుని అటూ ఇటూ తిప్పి చూసింది. కిటికీలో పెట్టి తీసిన స్కేలే. మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది. ఇంకా విప్పని మూటల్లో వెతికి, తన కుట్టుపని టేపు తెచ్చింది. నేల మీద కూర్చుని రెంటినీ పక్కపక్కన పరిచింది. ఒక కొస కలిపి పట్టుకుని రెండో కొస చూసింది. స్కేలు అడుగు కొద్దిగా బయటికి పొడుచుకు వచ్చింది.

"గుడ్డ టేపు. సాగి ఉంటుంది," అంది తనకి తానే.

"సాగితే తేడా ఇటు రాదు. అటు వస్తుంది."

ఆమె ఆ మాట వినిపించుకోలేదు. లేచి, తమ్ముడు గూట్లో వదిలిన ఉక్కు టేపు తెచ్చి దాంతో కూడా చూసింది. అదే తేడా. అంత సన్నని తేడా మీద వేలిగోరు పెట్టింది.

"ఇన్నేళ్ళూ గుండె మీద దీన్ని పెట్టుకుని తిరిగారా?"

"పని అది."

"సరే. ఇది పొరపాటే. పొరపాటు ఎలా జరిగిందో నాకు అర్థమైంది." ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. "ఇంట్లో మామూలు టేపు ఉంది. నాది ఉంది. బల్ల కొలవడానికి దీన్నే ఎందుకు తీశారు?"

ఆ ప్రశ్నకి తేలికైన జవాబుంది. అలవాటు అంటే సరిపోతుంది. ఆమె నమ్మేది కూడా. మేస్త్రి ఆ మాట నోటిదాకా తెచ్చుకుని, ఆగాడు. బల్ల మీద వంగి కొలిచిన ఆ పూట గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ ఖాళీగా ఉంది. ఇసుక వాసన వేస్తోంది. అటక మీద తను చేసిన చక్రాలన్నీ వరసగా ఉన్నాయి. చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"తెలీదు," అన్నాడు. "చెయ్యి దాని మీదికి పోయింది. అలవాటు కొద్దీ పోయిందో, రావడం ఇష్టంలేక పోయిందో నాకు తెలీదు. ఇష్టంలేదని నేననుకోలేదు. కాని ఆ చేతి సంగతి నేను ఒట్టేసి చెప్పలేను."

ఆమె ముఖంలో ఏదో సడలింది. ఈ పంపు అయ్యాక, ఈ చక్రం అయ్యాక అన్న మాటలన్నీ ఆమె విన్నది. తెలీదన్న మాట ఆయన నోట వినడం ఇదే మొదలు.

కింద, వెనక వీధిలోంచి హారన్ వినిపించింది. లారీ డ్రైవరు పైఊరివాడు. ఇనుము ఎక్కించుకుని వచ్చేశాడు. చీకటి పడకముందే ఘాట్ దాటాలి, ఈ ఉక్కపోతలో ఒక్క క్షణం ఉండలేనని పొద్దున్నుంచి అంటూనే ఉన్నాడు.

"మేస్త్రిగారూ," అని కేకేశాడు. "పట్టలేదంట కదా. ఎక్కిస్తారా? పైన చోటుంది."

బావమరిది మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్కయ్య నేల మీద స్కేలు పట్టుకుని కూర్చుని ఉండటం, బావ నిలబడి ఉండటం చూసి, ఆ పూటకి మొదటిసారి జోకు మింగేశాడు.

మేస్త్రి వరండా పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూశాడు. లారీ మీద తాళ్ళు విప్పి సిద్ధంగా ఉన్నాయి. డ్రైవరు తలెత్తి చూస్తున్నాడు. ఆయన వెనక్కి తిరిగి భార్య వైపు చూడలేదు. చూస్తే ఆమె కోసం ఉన్నట్టవుతుంది, రేపెప్పుడో అది కూడా ఒక బాకీగా మిగులుతుంది.

"నువ్వు వెళ్ళు," అన్నాడు డ్రైవరుతో. "మౌల్డర్‌కి చెప్పు, ఆ చోట్లో ఇసుక పోసుకోమని."

లారీ వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా దాని చప్పుడు వినిపించింది.

మేస్త్రి పనిముట్ల పెట్టె తెరిచాడు. రెండు సన్నని పుల్లలు తీసుకున్నాడు. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకటి ఈ గోడకి తగిలేలా, ఒకటి ఆ గోడకి తగిలేలా జరిపి, కలిసినచోట దారంతో బిగించాడు.

"టేపు ఉంది కదా బావా," అన్నాడు బావమరిది.

"ఇక అంకెలు వద్దు. పుల్లకి అబద్ధం రాదు. మొదటే ఇట్లా చెయ్యాల్సింది."

బావమరిదీ తనూ కలిసి పలకని గదిలోకి తెచ్చి కాళ్ళ మీద పడుకోబెట్టాక, పుల్లని దాని మీద పెట్టాడు. పట్టుకారు కొసన ఇనుప బోల్టులున్నాయి, అటు కొయ్యడం కుదరదు. కొయ్యాల్సింది రెండో కొసే. ఆ సంగతి ఆయనకి మొదటినుంచీ తెలుసు. పెదమేస్త్రి గాట్లన్నీ ఆ అంచునే ఉన్నాయి. గాట్ల మీద ఒకసారి బొటనవేలు నడిపాడు. తర్వాత కత్తి మొనతో అడ్డంగా గీత గీశాడు. రంపం తీసి, పళ్ళ మీద మైనం రాశాడు.

బావమరిది కొస పట్టుకోవడానికి ముందుకొచ్చాడు.

"నువ్వు వద్దు," అన్నాడు మేస్త్రి. "ఇదిగో, నువ్వు రా." ఆ రెండో మాట భార్యతో.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన పనిలో ఆమె చెయ్యి పెట్టింది లేదు. ఆయన పని పైఊరిది, ఆమె దానికి దూరంగా ఉండేది. ఇప్పుడొచ్చి నిలబడింది.

"ఏం చెయ్యాలి?"

"ఈ కొస కింద చెయ్యి పెట్టి పట్టుకో. పైకి ఎత్తకు, కిందికి లాగకు. చివర్లో అది ఊడి పడబోతుంది. అప్పుడు పట్టు వదిలావంటే చెక్క చీరుకుపోతుంది."

"నాకు చెప్పాలా వదలకూడదని?"

బావమరిదికి నవ్వొచ్చింది గాని, మళ్ళీ మింగాడు.

రంపం నిదానంగా సాగింది. పాత టేకు, లోపల ఇంకా నూనె ఉంది, కోస్తుంటే వాసన గదంతా కమ్మింది. మేస్త్రి తొందరపడలేదు. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆమె చేతుల్లో కొస కదల్లేదు. ఆఖరి నాలుగుసార్లు రంపాన్ని ఆయన పిల్లవాడి తల దువ్వినంత మెల్లగా లాగాడు. ముక్క విడివడి ఆమె అరచేతుల్లోకి వచ్చింది. అంచు చెదరలేదు.

నలుగురూ మళ్ళీ వచ్చి బల్లని దించారు. ఈసారి అది గోడల మధ్యకి చప్పుడు లేకుండా జారింది. రెండువైపులా గోరు దూరేంత ఖాళీ.

"పైవాళ్ళ అంగుళాలు కోసేసుకున్నారా?" అని అడిగాడు పొద్దున మాట్లాడినవాడు.

"కోసేసుకున్నాం," అన్నాడు మేస్త్రి. వాళ్ళ ఊళ్ళో ఆయన మొదటి వేళాకోళం అదే. ఎవరికీ అర్థం కాలేదు. అందరూ మర్యాదకి నవ్వారు.

అందరూ వెళ్ళాక ఆమె ఆ ముక్కని ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. బల్ల వెడల్పంత పొడవు, బల్ల మందమంత వెడల్పు, అంగుళానికి కాస్త తక్కువ దళసరి. ఒక అంచు వెంట గాట్లు.

"దీన్ని గోడకి తగిలించండి," అంది. "ఆనాటి అల్మారా బదులు, అరలాగా."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "అది అడ్డకోత. నార పొట్టిగా ఉంటుంది. బరువు పెడితే బిస్కట్‌లా విరుగుతుంది. నీకు నిలువుకోత చెక్కతో మంచిది చేసిస్తాను."

"బరువు పెట్టను. కళ్ళజోడు పెట్టుకుంటాను."

ఆయన ఆలోచించాడు. వెనకవైపు ఒక నిలువు నార బద్ద జిగురుతో అతికిస్తే కళ్ళజోడు మోస్తుంది. బద్ద కోశాడు, జిగురు రాశాడు, పట్టుకారులో బిగించి ఉంచాడు. అది ఆరేలోపు ఆమె కిందికి వెళ్ళి ఇంటావిడని అడిగి వచ్చింది. ఉలి వేరు, మేకు వేరని ఇంటావిడ ఒప్పుకుందట. ఉమ్మడి గోడకి మాత్రం వద్దందట.

మర్నాడు పొద్దున మేస్త్రి గదిలో కిటికీ పక్క గోడ మీద పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టాడు. సుత్తి అందుకోబోతే ఆమె అప్పటికే దాన్ని తీసుకుంది. మొదటి దెబ్బకి మేకు వంగింది. ఆయన ఇంకోటి ఇచ్చాడు. రెండోది దిగింది.